చెట్టు వలయాన్ని చదవాలంటే అది నిలిచిన నేలనూ చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

రహదారి విస్తరణ కోసం కొట్టివేసిన ఒక పాత టేకు చెట్టు మొద్దు ఫొటోను ఇటీవల మీ పత్రిక జిల్లా అనుబంధంలో ప్రచురించారు. మొద్దు మీది వలయాలను లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పడమే గాక, వెడల్పు వలయాలన్నీ మంచి వానలు కురిసిన ఏళ్లవనీ, సన్న వలయాలన్నీ కరువు ఏళ్లవనీ ఆ వార్తలో రాశారు. నరికిన చెట్టు ముందు ఒక విలేకరి అంతసేపు వంగి కూర్చుని చూశారంటే నాకు నిజంగా సంతోషం కలిగింది. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాడిని కనుక ఆ శ్రమ విలువ తెలుసు. అయితే ఆ వార్తలో ఒక ముఖ్యమైన మాట కొరవడింది. ఆ చెట్టు ఎలాంటి చోట పెరిగిందో, దాని వేళ్ల కింద ఏ మట్టి ఉందో, పక్కన వాగు ఉందో గుట్ట ఉందో ఎక్కడా రాయలేదు. ఆ సంగతి తెలియకుండా వలయం వెడల్పును బట్టి వానను అంచనా వేయడమంటే, చేను నీటి కింద ఉందో మెట్టలో ఉందో అడగకుండా గింజల బస్తాలు లెక్కపెట్టి ఆ ఏటి వాన ఎంతో చెప్పడమే.

వలయం ఎలా పడుతుందో ముందు చెబుతాను. టేకు మన ప్రాంతంలో ఎండలు ముదిరే నాటికి ఆకు రాల్చి మోడుగా నిలుస్తుంది, తొలి జల్లులతో చిగురిస్తుంది. ఆ చిగురుతో పాటే బెరడు కింద ఉండే పలుచని పొర, పాఠ్యపుస్తకాలు విభాజ్య కణావళి అని పిలిచేది, మేలుకొని లోపలి వైపు కొత్త కలపను పేర్చడం మొదలుపెడుతుంది. మొదట పేర్చిన కలపలో నీరు పైకి ఎక్కే నాళాలు కంటికి సూదిబెజ్జాల్లా కనిపించేంత పెద్దవిగా, ఒకే వరుసలో ఉంటాయి. వానలు వెనకబట్టే కొద్దీ నాళాలు చిన్నవై, కలప దట్టమై, చివరికి పని ఆగిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ పెద్ద నాళాల వరుస మొదలైన చోట గీత గీసినట్టు హద్దు ఏర్పడుతుంది. ఈ హద్దు ఇంత తేటగా ఉండడం వల్లనే ఉష్ణమండలపు చెట్లలో టేకు శాస్త్రవేత్తలకు ఎక్కువగా పనికివచ్చింది. మర్రి, రావి వంటి వాటిలో ఏటేటి హద్దు ఇలా నమ్మకంగా దొరకదు, తాడి, కొబ్బరి చెట్లయితే అసలు వలయాలే వేయవు. పెద్ద మర్రిచెట్ల వయసు గురించి పత్రికల్లో వచ్చే అంకెలు స్థానికుల నోట నిలిచిన కథల నుంచి వచ్చినవే తప్ప వలయాల నుంచి వచ్చినవి కావు. ఆ కథల మీద నాకు గౌరవమే ఉంది కానీ, వాటిని చెట్టు చెప్పిన లెక్కగా రాయడం సరికాదని మనవి.

ఇక అసలు విషయం. చెట్టు పెరగడానికి నీరు, వెచ్చదనం, వెలుతురు, మట్టిలోని సారం, వేళ్లకు గాలి, ఇవన్నీ కావాలి. ఒక ఏడాదిలో వీటిలో ఏది అన్నిటికంటే ఎక్కువ కొరత పడిందో, వలయం దాని సంగతినే చెబుతుంది, తక్కినవి ఎంత సమృద్ధిగా ఉన్నా వాటి ఊసు ఎత్తదు. కనుక వలయం వానను చెప్పాలంటే ఆ చెట్టుకు ఉన్న కొరత వాన కొరతే అయి ఉండాలి. అమెరికాలోని అరిజోనాలో ఎ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1904లో ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి పరిసరాల్లో పైన్ చెట్ల వలయాలను కొలవడం ప్రారంభించి, ఈ శాస్త్రానికి పునాది వేశారు. సూర్యుడి మచ్చలకూ భూమి మీది వానలకూ సంబంధం వెతకాలన్నది ఆయన మొదటి ఉద్దేశం. ఆయనకు దొరికిన చోటు ఎలాంటిదో గమనించాలి. అది వానలు తక్కువగా పడే పీఠభూమి, చెట్టుకు దక్కే నీరంతా ఆకాశం నుంచి, మంచు నుంచి రావలసిందే. అలాంటి చోట ప్రతి తడి ఏడూ, ప్రతి పొడి ఏడూ వలయంలో అచ్చుపడుతుంది. అదే జాతి చెట్టు ఏటి ఒడ్డున, వేళ్లకు ఏడాది పొడవునా నీరు అందే చోట ఉంటే, వలయాలన్నీ దాదాపు ఒకే వెడల్పుతో సాగిపోతాయి. అటువంటి చెట్టు కరువును చూడక పోలేదు, కరువు దాని వేళ్ల దాకా రాలేదు, అంతే.

ఈ తేడాను నేను పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పిన ఏళ్లు చాలా ఉన్నాయి. నా కళ్లతో చూసింది మాత్రం ఒకే ఒక్కసారి, 2017 ఫిబ్రవరిలో. గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో, నా పాత విద్యార్థి తండ్రి తన పట్టా భూమిలోని రెండు టేకు చెట్లను అనుమతి తీసుకుని ఒకే వారంలో కొట్టించారు. ఒకటి వాగు ఒడ్డున ఒండ్రు మట్టిలో పెరిగింది. రెండోది అక్కడికి పిలుపు దూరంలో, గుట్ట వాలు మీద, జానెడు లోతు దిగగానే రాయి తగిలే మొరం నేలలో పెరిగింది. రెండింటికీ కురిసింది ఒకే వాన, కాసింది ఒకే ఎండ. ఆయనను అడిగి, ఒక్కో చెట్టు మొదట్లో నుంచి రెండంగుళాల మందాన ఒక్కో బిళ్ల కోయించి తెచ్చుకుని, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, కాస్త నీళ్లు తడిపి, భూతద్దంతో బెరడు వైపు నుంచి లోపలికి నేనూ, కొందరు పిల్లలూ కలిసి లెక్కపెట్టాం. ఆకు రాల్చిన కాలంలో కొట్టినవి కనుక బెరడును ఆనుకుని ఉన్న చివరి వలయం 2016 వానాకాలానిది.

వాగు ఒడ్డు బిళ్ల తిరగలి రాయంత వెడల్పుగా ఉంది, అందులో 38 వలయాలు ఉన్నాయి. గుట్ట మీది బిళ్ల అన్నం పళ్లేనికి కాస్త పెద్దది, అందులో 57 ఉన్నాయి. లావుగా ఉన్నది వయసులో చిన్నది, సన్నగా ఉన్నది పెద్దది. మొదలు చుట్టుకొలత చూసి చెట్టు వయసు చెప్పేవారు ఈ రెండు బిళ్లలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు అప్పుడు అనిపించింది. బెరడు నుంచి లోపలికి పదిహేనో వలయం 2002వ సంవత్సరానిది. ఆ ఏడు జులైలో దేశమంతటా కురవవలసిన వానలో సుమారు సగమే కురిసింది, నాట్లు లేక బీడుపడిన పొలాలు చూసినవారికి ఆ నెల గుర్తుండే ఉంటుంది. గుట్ట బిళ్లలో ఆ వలయం పెద్ద నాళాల వరుస ఒక్కటే ఉండి, దాని వెనక దట్టమైన కలప దారప్పోగంత మందం కూడా లేదు. ఎనిమిదో వలయం, అంటే 2009వ సంవత్సరానిది, అది కూడా అలాగే చిక్కిపోయి ఉంది. వాగు ఒడ్డు బిళ్లలో ఈ రెండు వలయాలనూ వేలు పెట్టి చూపమంటే చూపలేం. ఇటూ అటూ ఉన్న వాటితో కలిసిపోయాయి.

వాగు ఒడ్డు బిళ్లలో మాకు ఆశ్చర్యం కలిగించిన సన్న వలయం మరొకటి ఉంది. అది ముప్పై ఒకటోది, 1986వ సంవత్సరానిది. ఆ ఏడాది ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, నేటికీ అక్కడి వరదను ఆ మట్టంతోనే పోల్చి చెప్పుకుంటారు. ఆ రైతును అడిగితే, గోదావరి పోటుకు వాగు ఎగదన్ని తమ చేలో నీళ్లు వారాల తరబడి నిలిచాయనీ, అప్పటికి ఆ చెట్టు తన ఎత్తుకు మూడింతలు ఉండేదనీ చెప్పారు. టేకుకు నీరు కావాలి కానీ, నిలవ నీరు గిట్టదు. మట్టిలోని గాలిని నీరు తరిమేస్తే వేరు ఊపిరాడక పని మానేస్తుంది. మీ వార్తలోని సూత్రాన్నే పట్టుకుని ఈ బిళ్లను చదివితే 1986ను కరువు ఏడుగా రాసేవాళ్లం. ఒక్క చెట్టు సాక్ష్యం సరిపోదని నాకూ తెలుసు, వరదే కారణమని నిరూపించానని అనడం లేదు. కానీ సన్న వలయం అనగానే కరువు అని రాసేముందు ఆగి అడగవలసిన ప్రశ్న ఏమిటో ఆ బిళ్ల నేర్పింది.

అదే బిళ్ల మీద ఇంకో తగవు వచ్చింది. ఇద్దరు పిల్లలు 38 అన్నారు, మూడో అమ్మాయి 39 అంది. ఆమె లెక్కపెట్టిన అదనపు గీతను పట్టుకుని చుట్టూ తిరిగి చూస్తే, అది సగం దూరం వెళ్లి కలపలో కలిసిపోయింది. తొలకరి బాగా పడి, నడుమ వాన వారాల పాటు మొహం చాటేసి, మళ్లీ ఆలస్యంగా ఊపందుకున్న ఏళ్లలో చెట్టు ఒకసారి పని ఆపి తిరిగి మొదలుపెడుతుంది, అప్పుడు ఒక ఏడాదిలోనే రెండు వలయాలు పడినట్టు కనిపిస్తుంది. దీనికి భిన్నంగా, బొత్తిగా కష్టకాలం వచ్చిన ఏడు కొన్ని చెట్లు మొదలు చుట్టూ వలయాన్ని పూర్తిచేయలేవు, ఒక వైపు ఉండి మరో వైపు ఉండదు. అందుకే శాస్త్రజ్ఞులు ఒక చెట్టును లెక్కపెట్టి ఊరుకోరు. ఒకే చోట పెరిగిన ఇరవై ముప్పై చెట్ల నుంచి, చెట్టును కొట్టకుండానే, పెన్సిల్ కంటే సన్నని కడ్డీలను బోలు బరమాతో తీసి, సన్న వలయాల వరుసను ఒకదానితో ఒకటి సరిపోల్చి, ఏ వలయం ఏ ఏటిదో తేల్చిన తర్వాతే వాన మాట ఎత్తుతారు.

వలయాన్ని సన్నం చేసేవి ఇంకా ఉన్నాయి. లేత వయసులో చెట్టు వలయాలు వెడల్పుగా ఉండి, మొదలు లావయ్యే కొద్దీ అదే కలప పెద్ద చుట్టుకు పరుచుకోవలసి రావడం వల్ల సన్నబడతాయి, దీనికీ వానకూ సంబంధం లేదు. పక్కనున్న పెద్ద చెట్టు పడిపోయి వెలుతురు వస్తే, కరువు ఏడైనా వలయం లావెక్కవచ్చు. నరికిన మొదలు నుంచి వచ్చిన పిలక మొదటి ఏళ్లలో పాత వేళ్ల బలంతో ఎగసిపడుతుంది. వాలు మీద ఒరిగిన టేకులో పై వాలు వైపు వలయాలు వెడల్పుగా, కింది వైపు ఇరుకుగా ఉండి, దవ్వ, అంటే కాండం నడిమి మెత్తని భాగం, పక్కకు జరుగుతుంది, ఏ వైపు కొలిచామన్నది రాయకపోతే ఆ కొలతకు అర్థం లేదు. ఆకు తినే పురుగు సంగతి మరీ ముఖ్యం. వానలు బాగా పడిన ఏట కూడా జూన్, జులై మాసాల్లో అది అడవికి అడవిని ఆకులేని మోడు చేయగలదు. కేరళలోని నిలంబూరు టేకు తోటల్లో ఆ రాష్ట్ర అటవీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించినప్పుడు, ఈ పురుగు వల్ల లేత తోటల్లో పెరగవలసిన కలపలో 44 శాతం నష్టపోయినట్టు తేలింది. వాన లెక్కలు ముందు పెట్టుకుని అటువంటి వలయాన్ని చూసేవాడు ఎంత తికమకపడతాడో ఊహించవచ్చు.

వాన మొత్తం ఒక్కటే చూసినా సరిపోదు, అది ఏ నెలలో పడిందన్నది చూడాలి. తెలంగాణలో వానలో సింహభాగం నైరుతి రుతుపవనాలదే. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలులు తెచ్చే వానే ప్రధానం. ఒకే జాతి చెట్టు ఆదిలాబాదులో ఒక నెల మాట వింటే, నెల్లూరులో మరో నెల మాట వినాలి. ఇరువైపుల వలయాలనూ ఏడాది మొత్తం వానతో పోల్చి, పోలిక కుదరలేదని చెట్టును తప్పుపట్టడం న్యాయం కాదు. కిందటి ఏటి నిల్వ సంగతి కూడా ఉంది. చెట్టు తొలి చిగురుకూ, తొలి నాళాల వరుసకూ కిందటి ఏడు దాచుకున్న పిండి పదార్థాన్నే వాడుకుంటుంది, కనుక ఘోరమైన కరువు వెళ్లిన మరుసటి ఏడు వాన నిండుగా కురిసినా వలయం పేదగానే ఉండవచ్చు. నేలను బట్టి కూడా ఇది మారుతుంది. చెలక నేల నీటిని జారవిడిచినంత తొందరగా రేగడి జారవిడవదు, కనుక ఒకే వానకు రెండు నేలల్లో చెట్టు పని చేసే రోజులు వేరు.

మన టేకుకు నీటి కొరత ఎలాగో, హిమాలయాల్లో చెట్లు పెరిగే ఎత్తు ముగిసే చోట ఉన్న వృక్షాలకు వెచ్చదనం కొరత అలాగ. అక్కడి వలయం సాధారణంగా ఆ ఏటి వేసవి ఎంత చల్లగా గడిచిందో చెబుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో, మూడు వేల మీటర్ల ఎత్తున, పంటలకు పనికిరాని తెల్లని సున్నపు రాతి నేలలో పెరిగే బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లలో ఒకటి 4,800 ఏళ్లు దాటి ఇప్పటికీ బతికే ఉంది. అంత పేద నేలలో చెట్టు నిదానంగా పెరిగి, కలప గట్టిపడి, పురుగుకూ కుళ్లుకూ లొంగకుండా నిలిచింది. సారవంతమైన నేలలో ఎగసి పెరిగిన చెట్టు కన్నా బీద నేలలో ఓపికగా పెరిగిన చెట్టు దగ్గరే పాత కాలపు లెక్కలు ఎక్కువగా భద్రంగా ఉన్నాయి.

ఇంత జాగ్రత్తగా చోటు ఎంచుకుని చదివితే వలయం ఎంత చెప్పగలదో మన చరిత్రతోనే చూపవచ్చు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞులు కేరళ టేకు చెట్ల నుంచి 523 ఏళ్ల వలయాల వరుసను కూర్చి, పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కే ఎల్‌నినో ఏళ్లలోనూ, రుతుపవనాలు దెబ్బతిన్న ఏళ్లలోనూ వలయాలు సన్నబడడాన్ని 2010లో ప్రకటించారు. అదే ఏడాది అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు రుతుపవనాలు వీచే ఆసియాలో మూడు వందలకు పైగా చోట్ల సేకరించిన వలయాలతో ఏడు వందల ఏళ్ల కరువుల పటాన్ని తయారుచేశారు. 1790 నుంచి 1796 వరకూ, 1876 నుంచి 1878 వరకూ వచ్చిన మహా కరువులు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. రెండోది మన పెద్దలు ధాత కరువు అని పిలిచినది. కరువులకు మనవాళ్లు పెట్టిన పేర్లలో సంవత్సరం పేరు ఉండడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ధాత అంటే 1876, గుంటూరు సీమను ఖాళీ చేసిన నందన అంటే 1832. ఆకలితో పోయినవారి లెక్క సరిగా రాసిన కాగితాలు లేకపోయినా, ఏడు పేరు మాత్రం నోటి నుంచి నోటికి నిలిచింది. ఆ ఏళ్లలో తమ సీమలో ఏ నెల వాన తప్పిందో, ఎన్నేళ్లకు నేల కోలుకుందో చెప్పగల చెట్లు మన కొండల్లో ఇంకా కొన్నయినా మిగిలి ఉంటాయని నా నమ్మకం. ఒక్కొక్కటిగా అవి కూలుతున్నాయి కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత ఇళ్ల మాట కూడా చెప్పాలి. డగ్లస్ 1929లో అరిజోనాలోని షోలో అనే ఊళ్లో దొరికిన కాలిన దూలం ఒక్కదానితో, పాత దూలాల వరుసకూ బతికున్న చెట్ల వరుసకూ మధ్య ఉన్న ఖాళీని పూరించి, ఎన్నో శిథిల గ్రామాలను ఏ ఏట కట్టారో చెప్పగలిగారు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు కూల్చుతున్నప్పుడు వచ్చే టేకు దూలాలు, స్తంభాలు అడితీలకు చేరి, రంపం కిందకు వెళ్లి తలుపులవుతున్నాయి. ఆ ఇళ్లు కట్టిన రోజుల్లో కలపను తెప్పలు కట్టి గోదావరి మీదుగా రాజమండ్రికి దింపేవారు. దూలం ఏ కొండదో ఎవరూ రాసిపెట్టలేదు, కనుక వాటిని చదవడం కష్టమే. అయినా ఇంటి పెద్దలకు ఆ కలప ఎక్కడి నుంచి వచ్చిందో విన్న జ్ఞాపకం ఉంటే, దాన్ని దూలం కొసతో పాటు రాసి ఉంచడానికి ఖర్చేమీ కాదు.

నేను కోరేది చిన్న పని. రోడ్ల కోసం, కాల్వల కోసం పెద్ద చెట్టును తీసేటప్పుడు, మొదలు నుంచి రెండంగుళాల బిళ్ల ఒకటి కోయించి దగ్గరలోని కళాశాలకు ఇప్పించాలి. దాని వెనక కొట్టిన తేదీ, ఊరు, నేల రకం, వాలు ఏ దిక్కుకు ఉంది, నీరు ఎంత దూరంలో ఉంది, నేల నుంచి ఎంత ఎత్తున కోశారు అనే వివరాలు చెరగని సిరాతో రాయాలి. కలప డిపోల్లో దుంగ కొస మీద నంబరు, పొడవు, చుట్టుకొలత రాయడం నేను చూశాను. చుట్టుకొలత రాసే చేతికి "గుట్ట వాలు" అనో "వాగు ఒడ్డు" అనో మరో రెండు మాటలు రాయడం బరువు కాదు. కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పేవారు ఆ బిళ్లలను అలమరాలో అలంకారానికి పెట్టకుండా, పిల్లల చేత రుద్దించి, లెక్కపెట్టించి, మండల కార్యాలయంలో దొరికే వాన లెక్కలతో నెలవారీగా పోల్చిచూడమనాలి.

మీ విలేకరి గారికి ఒక విన్నపం. ఆ టేకు మొదలు ఇంకా నేలలో ఉండి ఉంటే దయచేసి మరోసారి వెళ్లి, దాని చుట్టూ నేల ఫొటో కూడా తీసి, రోడ్డు వేయకముందు అక్కడ కుంట ఉండేదా, బండ ఉండేదా అని ఆ ఊరి పెద్దలను అడిగి ప్రచురించండి. సన్న వలయాలు ఏ ఏళ్లవో ఆ తర్వాత అందరం కలిసి మళ్లీ చూద్దాం. నా దగ్గర ఉన్న రెండు బిళ్లలను ఏ కళాశాల అధ్యాపకులైనా పిల్లలకు చూపడానికి అడిగితే, వాటి వెనక రాసిన వివరాలతో సహా పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా